వ్యాయామ పునరావాస చికిత్సకులు: పాత్ర, అర్హతలు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

జబ్బు, గాయం, శస్త్రచికిత్సల తరువాత దెబ్బతిన్న కదలికను వ్యాయామం ద్వారా తిరిగి నిలబెట్టే వృత్తి భారతదేశంలో ప్రధానంగా ఫిజియోథెరపీ. ఈ వృత్తిలో ఉన్నవారు 'ఎక్సర్‌సైజులు చేయించేవారు' మాత్రమే అన్న అభిప్రాయం సమాజంలో బలంగా ఉంది. వ్యాయామాన్ని చేయించడం ఈ వృత్తిలో ఒక భాగం మాత్రమే. రోగిని పరీక్షించి వ్యాయామపు మోతాదును నిర్ణయించడం, అవసరమైనప్పుడు దానిని మార్చడం, ఆపడం దీని కీలక బాధ్యతలు. ఈ వ్యాసం వృత్తి చరిత్ర, చికిత్సకుల పాత్ర, పక్షవాత పునరావాసంపై జరిగిన రెండు పెద్ద అధ్యయనాలు, 2021 నాటి జాతీయ చట్టం ఆధారంగా ఆ బాధ్యతలను వివరించి, వాటికి తగిన అర్హతలను పరిశీలిస్తుంది.

కీలక పదాలు: పునరావాస చికిత్స, ఫిజియోథెరపీ, వ్యాయామ మోతాదు, పక్షవాతం, వృత్తి అర్హత, నమోదు.

1. ఉపోద్ఘాతం

పక్షవాతం వచ్చిన వ్యక్తి ఆసుపత్రి నుంచి ఇంటికి బయలుదేరే రోజున కుటుంబసభ్యులకు మందుల చీటీతో పాటు ఒక నోటిమాట కూడా అందుతుంది: "రోజూ ఎక్సర్‌సైజులు చేయించండి." చీటీలో ప్రతి మందుకూ పేరు, మోతాదు, వేళ, ఎన్ని రోజులు వాడాలన్న లెక్క ఉంటాయి. నోటిమాటలో ఇవేవీ ఉండవు. ఏ వ్యాయామం, ఎంత బరువుతో, ఎన్ని విడతలుగా, ఏ దశలో మొదలుపెట్టాలి, ఏ లక్షణం కనిపిస్తే ఆపాలి అన్న ప్రశ్నలు మిగిలిపోతాయి. వీటికి జవాబు చెప్పవలసినవారే వ్యాయామ పునరావాస చికిత్సకులు.

తెలుగులో 'పునరావాసం' అన్న మాట ప్రాజెక్టుల కింద ఊళ్ళు కోల్పోయిన నిర్వాసితుల విషయంలో ఎక్కువగా వినిపిస్తుంది. వైద్యరంగంలో దీని అర్థం వేరు. దెబ్బతిన్న శరీరంతో మనిషి తన పనులు తాను చేసుకోగలిగే స్థితికి వీలైనంత దగ్గరగా చేరడాన్ని ఇక్కడ పునరావాసం అంటారు. వ్యాధిని నయం చేయడం వైద్యం లక్ష్యమైతే, ఆ వ్యాధి మిగిల్చిన లోపంతో కూడా జీవనాన్ని సాగించేలా చేయడం పునరావాస చికిత్స లక్ష్యం. వ్యాయామం దానికి ముఖ్య సాధనం.

2. వృత్తి ఆవిర్భావం

వ్యాయామాన్ని ఒక క్రమశిక్షణగా బోధించే ఆధునిక సంస్థలలో తొలినాటిది స్వీడన్‌లో ఏర్పడింది. పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోంలో నెలకొల్పిన రాయల్ వ్యాయామ సంస్థలో సైనిక, విద్యా వ్యాయామాలతో పాటు వైద్య వ్యాయామం కూడా బోధనాంశమైంది. బ్రిటన్‌లో 1894లో నలుగురు నర్సులు మర్దన వృత్తికి గౌరవం, ప్రమాణం కల్పించేందుకు ఒక సంఘాన్ని స్థాపించారు. నేటి బ్రిటిష్ ఫిజియోథెరపిస్టుల సంఘానికి అదే మూలం. శిక్షణ లేనివారి నుంచి తమను వేరుచేసి చూపించుకోవలసిన అవసరం ఆ నర్సుల ముందున్న ప్రధాన సమస్య. అర్హత అన్న ప్రశ్న ఈ వృత్తితో పాటే పుట్టిందని దీనిని బట్టి చెప్పవచ్చు.

ఇరవయ్యో శతాబ్దిలో యుద్ధాలు, పోలియో ఈ వృత్తిని విస్తరింపజేశాయి. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుల కోసం అమెరికా సైన్యం ప్రత్యేక సహాయకులకు శిక్షణ ఇచ్చింది. వారిలో ప్రముఖురాలైన మేరీ మెక్‌మిలన్ 1921లో ఏర్పడిన అమెరికన్ వృత్తి సంఘానికి తొలి అధ్యక్షురాలయ్యారు. రెండో ప్రపంచయుద్ధం తరువాత సైనిక ఆసుపత్రుల అనుభవం నుంచి అమెరికాలో కైనేసియోథెరపీ అనే మరో శాఖ వచ్చింది. ఆస్ట్రేలియాలో దీర్ఘవ్యాధులున్నవారికి వ్యాయామాన్ని సూచించే ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టులు ప్రత్యేక గుర్తింపుతో పనిచేస్తున్నారు. భారతదేశంలో ఈ పనిలో అధికభాగం ఫిజియోథెరపిస్టుల చేతిలోనే ఉంది.

భారతదేశంలో ఈ విద్యకు పునాది పోలియో నేపథ్యంలో పడింది. ముంబయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో 1953లో ఫిజియోథెరపీ పాఠశాల ప్రారంభమైంది. 1955లో భారత ఫిజియోథెరపిస్టుల సంఘం ఏర్పడింది. దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది. ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియోరహితంగా 2014 మార్చిలో ప్రకటించారు. ఈ వృత్తికి దేశంలో తొలి అవసరాన్ని సృష్టించిన వ్యాధి కనుమరుగైనా అవసరం తగ్గలేదు. పక్షవాతం, మధుమేహం, గుండెజబ్బులు, మోకాళ్ళ అరుగుదల, రోడ్డు ప్రమాదాలు పోలియో స్థానాన్ని ఆక్రమించాయి.

3. విశ్రాంతి నుంచి మోతాదుకు

వ్యాయామం చికిత్సగా మారడానికి ముందు విశ్రాంతి చికిత్సగా ఉండేది. గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి మంచం దిగనివ్వని పద్ధతి ఇరవయ్యో శతాబ్ది మధ్యభాగం వరకూ సాగింది. శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లోన్ అనే అమెరికన్ వైద్యులు 1952లో గుండెపోటు రోగులను కుర్చీలో కూర్చోబెట్టే పద్ధతిని ప్రతిపాదించారు. అప్పటికి అది సాహసమే. 1966లో డల్లాస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన ఇరవయ్యేళ్ళ యువకులను మూడు వారాలపాటు మంచానికే పరిమితం చేసి పరీక్షించారు. శ్రమలో ప్రాణవాయువును వినియోగించుకునే వారి గరిష్ఠ సామర్థ్యం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ఆ తరువాత క్రమబద్ధమైన శిక్షణతో అది తిరిగి పెరిగింది. విశ్రాంతికి కూడా దుష్ఫలితం ఉంటుందని ఈ ప్రయోగం అంకెలలో చూపింది.

కండరబలం విషయంలో ఇటువంటి మలుపును థామస్ డెలోర్మ్ తెచ్చాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో షికాగోలోని సైనిక ఆసుపత్రిలో మోకాలి గాయాలైన సైనికులకు తేలికపాటి వ్యాయామాలను ఎక్కువసార్లు చేయించేవారు. దానికి బదులు డెలోర్మ్ బరువును క్రమంగా పెంచుతూ తక్కువసార్లు చేయించాడు. ఆ ఫలితాలను 1945లో ప్రచురించాడు. రోగి సరిగ్గా పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువును కొలమానంగా తీసుకుని, అందులో సగం, ముప్పావు, పూర్తి బరువులతో మూడు విడతలు చేయించే పద్ధతి 1948 నాటికి స్థిరపడింది. దీనితో వ్యాయామానికి కొలత వచ్చింది. 'బలం వచ్చేదాకా చేయించు' అన్న సాధారణ సలహా స్థానంలో ఎంత బరువు, ఎన్నిసార్లు, ఎప్పుడు పెంచాలి అన్న లెక్క చేరింది. కొలత ఉన్నచోట తక్కువ, ఎక్కువ అనేవి కూడా ఉంటాయి. వాటిని గుర్తించగల మనిషి అవసరమూ ఉంటుంది.

4. చికిత్సకుల పాత్ర

4.1 పరీక్ష

చికిత్సకుల పని పరీక్షతో మొదలవుతుంది. కీలు ఎంత మేరకు వంగుతోందో కోణమానినితో డిగ్రీలలో కొలుస్తారు. కండరబలాన్ని 0 నుంచి 5 వరకు అంచనా వేస్తారు. ఇందులో 3 అంటే ఇతర నిరోధమేదీ లేకుండా భూమ్యాకర్షణకు ఎదురుగా అవయవాన్ని కదిలించగలగడం. నిలకడకు బెర్గ్ పరీక్షలో 14 అంశాలకు గరిష్ఠంగా 56 మార్కులు ఉంటాయి. ఊపిరితిత్తుల, గుండె రోగుల సామర్థ్యాన్ని ఆరు నిమిషాలలో నడవగలిగిన దూరంతో కొలుస్తారు. ఈ అంకెలు లేకపోతే నెల తరువాత రోగి మెరుగయ్యాడో లేదో చెప్పడానికి 'పర్వాలేదు' అన్న మాట తప్ప ఆధారం మిగలదు.

పరీక్షకు మరో ప్రయోజనం ఉంది. వ్యాయామం చేయించకూడని వారిని అది ముందుగానే గుర్తిస్తుంది. నడుమునొప్పితో వచ్చిన వ్యక్తికి మూత్రం ఆగిపోవడం, మర్మభాగాల్లో స్పర్శ తగ్గడం ఉంటే వెంటనే శస్త్రవైద్యుల వద్దకు పంపాలి. శస్త్రచికిత్స తరువాత ఒక పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, నొప్పిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందన్న అనుమానం రావాలి. అక్కడ మర్దన చేయడం ప్రమాదకరం. విశ్రాంతిలోనే ఛాతీనొప్పి వస్తున్న వ్యక్తికి వ్యాయామ పరీక్ష పెట్టకూడదు. ఈ సందర్భాలలో చికిత్సకుల నైపుణ్యం వ్యాయామాన్ని మొదలుపెట్టకపోవడంలో కనిపిస్తుంది.

4.2 నిర్ణయం

వ్యాయామ సూచనలో నాలుగు అంశాలు ఉంటాయి: వారానికి ఎన్ని రోజులు, ఎంత తీవ్రత, ఎంత సేపు, ఏ రకం. వీటిలో కష్టమైనది తీవ్రత. గుండె వేగం ఆధారంగా దానిని లెక్కించవచ్చు. అయితే గుండె వేగాన్ని తగ్గించే మందులు వాడుతున్నవారి విషయంలో ఆ లెక్క తప్పుతుంది. అప్పుడు స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ రూపొందించిన 6 నుంచి 20 వరకు ఉండే శ్రమ అనుభూతి మాపకం ఉపయోగపడుతుంది. రోగి వాడే మందుల గురించి చికిత్సకులకు ఎందుకు తెలిసి ఉండాలో ఈ ఒక్క అంశమే చెబుతుంది.

4.3 పర్యవేక్షణ, మార్పు

పక్షవాతం వచ్చినవారి భుజం ఇందుకు మంచి ఉదాహరణ. భుజపు కీలును పట్టి ఉంచే కండరాలు బలహీనపడినప్పుడు చేతిబరువుకే కీలు కొంత కిందికి జారుతుంది. రోగిని లేపడానికి ఆ చేతిని పట్టుకుని లాగితే కీలు మరింత దెబ్బతింటుంది. కప్పికి తాడు వేసి బాగున్న చేతితో బలహీనమైన చేతిని తలపైకి లాగించే వ్యాయామం చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. పక్షవాత రోగుల భుజానికి ఇది తగదని అంతర్జాతీయ మార్గదర్శకాలు హెచ్చరిస్తున్నాయి. అదే కప్పి మరో వ్యాధిలో, మరో దశలో ఉపయోగకరం కావచ్చు. ఏ వ్యాయామానికైనా మంచి చెడ్డలు అది ఎవరికి, ఎప్పుడు అన్నదాన్ని బట్టి తేలతాయి.

4.4 బోధన

చికిత్సకులు రోగితో గడిపేది రోజులో ఒక గంటకు మించదు. మిగిలిన సమయంలో రోగిని కూర్చోబెట్టేవారు, తిప్పి పడుకోబెట్టేవారు, మరుగుదొడ్డికి తీసుకువెళ్ళేవారు కుటుంబసభ్యులే. కాబట్టి వారికి నేర్పడం కూడా ఈ వృత్తిలో భాగం. అయితే నేర్పడానికి, బాధ్యతను పూర్తిగా వారికే వదిలేయడానికి మధ్య తేడా ఉంది. ఆ తేడాను పరీక్షించిన అధ్యయనం భారతదేశంలోనే జరిగింది.

5. రెండు అధ్యయనాలు చెప్పేది

పక్షవాతం వచ్చిన 24 గంటలలోపే రోగిని మంచం దింపి, తరచుగా, ఎక్కువ మోతాదులో కదిలిస్తే మేలు జరుగుతుందన్న ఊహను అవర్ట్ అనే అధ్యయనం పరీక్షించింది. ఐదు దేశాలలోని 56 ఆసుపత్రులలో 2,104 మంది రోగులు ఇందులో పాల్గొన్నారు. ఫలితాలు 2015లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. మూడు నెలల తరువాత మంచి స్థితికి చేరినవారు సాధారణ సంరక్షణ పొందిన వర్గంలో 50 శాతం కాగా, తొలిదశలోనే ఎక్కువ మోతాదు పొందిన వర్గంలో 46 శాతం. తరువాతి విశ్లేషణలో చిన్న చిన్న విడతలుగా, తరచుగా కదిలించడం మంచి ఫలితాలతో ముడిపడి కనిపించింది. మొత్తం సమయాన్ని పెంచడం అలా కనిపించలేదు. కదలిక మంచిదన్న సూత్రాన్ని ఈ అధ్యయనం తోసిపుచ్చలేదు. తొలి గంటలలో ఎక్కువ మోతాదు హాని చేయవచ్చని మాత్రం చూపింది.

రెండో అధ్యయనం అటెండ్. చికిత్సకుల కొరత ఉన్న దేశంలో కుటుంబసభ్యుడికే శిక్షణ ఇచ్చి ఇంటి వద్ద పునరావాసం జరిపిస్తే ఫలితం ఉంటుందా అని ఇది పరిశీలించింది. భారతదేశంలోని 14 కేంద్రాలలో 1,250 మంది పక్షవాత రోగులను చేర్చుకున్న ఈ అధ్యయనం 2017లో లాన్సెట్‌లో ప్రచురితమైంది. ఆరు నెలల తరువాత మరణించినవారు, ఇతరులపై ఆధారపడినవారు కలిపి రెండు వర్గాలలోనూ 47 శాతమే. కుటుంబానికి ఇచ్చిన శిక్షణ వల్ల అదనపు ప్రయోజనం కనిపించలేదు.

ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. చికిత్సకులు నేరుగా చేయించి ఉంటే ఫలితం తప్పక మెరుగయ్యేదని ఇది నిరూపించలేదు, ఎందుకంటే ఇందులో పోల్చింది మామూలుగా అందే సంరక్షణతో. కుటుంబం ప్రేమ, శ్రమ నిరర్థకమని కూడా ఇది అనలేదు. చికిత్సలోని పనులను ఇతరులకు బదిలీ చేసినంత మాత్రాన ఆ చికిత్స ఫలితం వారి వెంట బదిలీ కాదన్నది దీని నుంచి గ్రహించవలసిన పరిమితమైన సత్యం. శిక్షణ పొందిన భార్యో, కొడుకో చూపించిన కదలికను అలాగే చేయించగలరు. రోగి స్థితి మారినప్పుడు ఆ కదలికను ఏ విధంగా మార్చాలన్నది వేరొక నైపుణ్యం. రెండు అధ్యయనాలను కలిపి చూస్తే వ్యాయామ చికిత్సలో మోతాదు, దాని మార్పు ఎంత ముఖ్యమైన ప్రశ్నలో తెలుస్తుంది.

6. అర్హతలు: విద్య, నమోదు

తెలుగు రాష్ట్రాలలో ఇంటర్మీడియెట్ బైపీసీ తరువాత బి.పి.టి.లో చేరతారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ పట్టాను ఇస్తున్నాయి. శరీర నిర్మాణశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, కదలికల యాంత్రికశాస్త్రం, వ్యాయామ చికిత్స, విద్యుత్ చికిత్సలతో పాటు ఎముకలు, నాడీవ్యవస్థ, గుండె, ఊపిరితిత్తులకు సంబంధించిన విభాగాలు బోధనాంశాలుగా ఉంటాయి. చాలాకాలం నాలుగేళ్ళ చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ప్రమాణంగా ఉన్నాయి. జాతీయ కమిషన్ 2025లో వెలువరించిన పాఠ్యప్రణాళిక ఇంటర్న్‌షిప్‌ను ఏడాదికి పెంచింది. ఎం.పి.టి.లో ప్రత్యేక విభాగాలను ఎంచుకోవచ్చు.

విద్యార్హత ఎంత స్పష్టంగా ఉన్నా, అది లేనివారు వృత్తిలోకి రాకుండా ఆపే జాతీయ వ్యవస్థ దశాబ్దాల తరబడి లేదు. ఢిల్లీ 1997లోనే ప్రత్యేక చట్టం చేసుకుంది. మహారాష్ట్ర కూడా తన మండలిని ఏర్పరచుకుంది. వైద్యులకు, నర్సులకు ఉన్నటువంటి దేశవ్యాప్త నమోదు మాత్రం ఫిజియోథెరపిస్టులకు లేకపోయింది. 2021లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ అనుబంధ, ఆరోగ్యసంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఈ లోటును పూడ్చడానికి ఉద్దేశించినది. కేంద్ర కమిషన్, రాష్ట్ర మండళ్ళు, వృత్తిదారుల రిజిస్టర్లు దీని ప్రధానాంగాలు.

ఈ చట్టం రెండు శ్రేణులను నిర్వచించింది. అనుబంధ ఆరోగ్య వృత్తిదారులకు రెండు నుంచి నాలుగేళ్ళ వ్యవధిలో కనీసం 2,000 గంటల చదువు, ఆరోగ్యసంరక్షణ వృత్తిదారులకు మూడు నుంచి ఆరేళ్ళ వ్యవధిలో కనీసం 3,600 గంటల చదువు ఉండాలి. చట్టం అనుబంధంలోని పది వర్గాలలో ఫిజియోథెరపీ ఒకటి, ఆక్యుపేషనల్ థెరపీ మరొకటి. సమగ్రంగా పరీక్షించడం, కదలిక లోపాలకు వ్యాయామం తదితర భౌతిక సాధనాలతో చికిత్స చేయడం, నివారణ, ఆరోగ్య ప్రోత్సాహం ఫిజియోథెరపిస్టు పనులుగా ఆ అనుబంధం పేర్కొంది. స్వతంత్రంగా గాని, బృందంలో భాగంగా గాని పనిచేయవచ్చని, కనీస అర్హత పట్టభద్రత అని స్పష్టం చేసింది. పరీక్ష అన్న మాటను చట్టమే చేర్చడం గమనార్హం. ఆదేశాన్ని అమలుచేసే వ్యక్తిగా కాక నిర్ణయం తీసుకునే వ్యక్తిగా చట్టం చికిత్సకులను గుర్తించింది.

ఈ గుర్తింపుపై వివాదం ముగిసిపోలేదు. ఫిజియోథెరపిస్టులు పేరుకు ముందు 'డాక్టర్' అని వాడరాదని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ 2025 సెప్టెంబరులో ఒక లేఖ వెలువరించి, మరునాడే దానిని వెనక్కి తీసుకుంది. రోగి ఎవరి వద్ద ఏ చికిత్స పొందుతున్నాడో తెలుసుకోగలగాలన్న వాదనలో న్యాయం ఉంది. స్వతంత్ర వృత్తికి గౌరవం కావాలన్న వాదనలోనూ న్యాయం ఉంది. అయితే బిరుదు చుట్టూ సాగే చర్చలో, కొద్దివారాల కోర్సు ధ్రువపత్రంతోనే 'థెరపిస్టు' బోర్డు పెట్టుకునేవారి సమస్య వెనుకబడిపోతోంది. రోగికి ముందుగా కావలసింది నమోదు సంఖ్య అడిగి సరిచూసుకునే వీలు. వ్యాయామశాల శిక్షకులు, యోగా శిక్షకులు ఆరోగ్యవంతులకు చేసే సేవకు విలువ ఉంది. రోగనిర్ధారణ అయిన వ్యక్తికి వ్యాయామం నిర్ణయించే అధికారం మాత్రం వేరైన చదువు నుంచి రావాలి.

7. తెలుగు సమాజంలో ప్రత్యేకాంశాలు

పట్టా, నమోదు ఉన్న చికిత్సకులకు కూడా పాఠ్యగ్రంథాలు చెప్పనివి కొన్ని తెలిసి ఉండాలి. వాటిలో మొదటిది భాష. తెలుగులో నొప్పికి పోటు, సలుపు, మంట, పట్టేయడం, తిమ్మిరి అని వేర్వేరు మాటలున్నాయి. కోస్తాలో కాలు 'పీకుతోంది' అనే రోగి, తెలంగాణలో 'గుంజుతోంది' అనవచ్చు. వ్యవహారంలో 'నరం' అన్న ఒక్క మాట నాడికి, రక్తనాళానికి, కండరపు స్నాయువుకు కూడా చెల్లుతుంది. 'నరం పట్టేసింది' అన్న రోగి మాటను నాడీసమస్యగా రాసుకుంటే పరీక్ష తొలి అడుగులోనే దారి తప్పుతుంది.

రెండోది జీవనవిధానం. 1965లో ప్రచురితమైన బార్తెల్ సూచికను దైనందిన పనుల సామర్థ్యం కొలవడానికి నేటికీ విరివిగా వాడుతున్నారు. భోజనం, స్నానం, దుస్తులు, మెట్లెక్కడం వంటి పది అంశాలు అందులో ఉన్నాయి. మంచం మీంచి కుర్చీలోకి మారడం ఉంది. నేల మీద బాసింపట్టు వేసి కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం, నేల మీంచి లేవడం లేవు. నాట్లు వేసే స్త్రీకి, నేలమట్టపు మరుగుదొడ్డి వాడే వృద్ధుడికి పునరావాసం పూర్తయిందా లేదా అన్నది ఆ సూచికలో వచ్చిన మార్కులు చెప్పలేవు. మోకాలు 90 డిగ్రీలు వంగితే కుర్చీకి సరిపోతుంది. గొంతుక్కూర్చోవడానికి అంతకంటే చాలా ఎక్కువ వంగాలి. ఏ స్థాయికి చేర్చాలన్న లక్ష్యాన్ని రోగి ఇంటిని, పనిని చూసి నిర్ణయించడం చికిత్సకుల బాధ్యత. కొన్ని కీళ్ళ శస్త్రచికిత్సల తరువాత నేల మీద కూర్చోవడం మానవలసి వస్తుంది. అప్పుడు మంచం ఎత్తు, మరుగుదొడ్డి ఏర్పాటు మార్చుకోవాలని ముందే చెప్పడం కూడా ఈ బాధ్యతలో భాగమే.

8. ముగింపు

స్టాక్‌హోం వ్యాయామ సంస్థ నుంచి 2021 చట్టం వరకు సాగిన రెండు వందల ఏళ్ళ చరిత్రలో వ్యాయామం సాధారణ సలహా స్థాయి నుంచి కొలతగల చికిత్సగా ఎదిగింది. కొలత వచ్చాక తప్పు మోతాదుకు అవకాశం, దానికి జవాబుదారీ కూడా వచ్చాయి. తొలిగంటల్లో అధిక మోతాదు మేలు చేయదని అవర్ట్, పనులను ఇంటివారికి అప్పగించడంతోనే ఫలితం రాదని అటెండ్ చూపాయి. ఈ కారణంగా చికిత్సకుల అర్హతను వారికి తెలిసిన వ్యాయామాల సంఖ్యతో కొలవడం సరికాదు. పరీక్షించడం, మోతాదు నిర్ణయించడం, మార్చడం, ఆపడం, అవసరమైతే వైద్యుల వద్దకు పంపడం అనే ఐదు సామర్థ్యాలతో దానిని కొలవాలి. విశ్వవిద్యాలయాలు వీటిని బోధించాలి, రాష్ట్ర మండళ్ళు నమోదు ద్వారా వీటికి హామీ ఇవ్వాలి. ఆసుపత్రి వదిలే రోజున మందుల చీటీ పక్కనే పేరు, మోతాదు, వేళ, ఆపవలసిన లక్షణాలు రాసి, నమోదిత చికిత్సకులు సంతకం చేసిన వ్యాయామ చీటీ రోగి చేతికి అందినప్పుడే ఈ వృత్తికి చట్టం ఇచ్చిన గుర్తింపు ఇంటి గడప వరకు చేరినట్లవుతుంది.